హైబ్రిడ్ కారుకు కొత్త టైర్లు: మైలేజీ పోకుండా, వానలో పట్టు పోకుండా

హైబ్రిడ్ కారుకు మొదటిసారి టైర్లు మార్చినవాళ్ల నోట తరచూ వినపడే మాట: "పాత టైర్లతో 22 వచ్చేది, కొత్తవి వేయించాక 20 కూడా రావట్లేదు." టైరు కంపెనీనో, షాపతన్నో తిట్టుకునే ముందు ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో విడదీసి చూడాలి. అందులో కొంత మాత్రమే మనం ఎంచుకున్న టైరు వల్ల వస్తుంది.

మొదటిది ట్రెడ్ (టైరులో నేలను తాకే, గీతలున్న రబ్బరు పొర) మందం. టైరు దొర్లేటప్పుడు రబ్బరు నేలకు తగిలిన చోట నొక్కుకుని, పైకి వెళ్లగానే మళ్లీ సాగుతుంది. నొక్కడానికి పెట్టిన శక్తి అంతా తిరిగి రాదు, కొంత వేడిగా మారి పోతుంది. టైరు దొర్లడానికి ఎదురయ్యే నిరోధాన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు, అందులో సింహభాగం ఈ వేడే. కొత్త టైరులో ట్రెడ్ సుమారు 7–8 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి నలిగే రబ్బరు ఎక్కువ. అరిగి 2–3 మిల్లీమీటర్లకు వచ్చిన టైరు, కొత్తగా ఉన్నప్పటికంటే ఐదో వంతు దాకా తేలిగ్గా దొర్లుతుంది. అంటే అచ్చంగా అదే కంపెనీ, అదే మోడల్ టైరు వేయించినా మైలేజీ కొంత తగ్గి తీరుతుంది.

రెండోది ఓడోమీటరు. 215/60 ఆర్17 సైజు టైరు కొత్తగా ఉన్నప్పుడు వ్యాసం సుమారు 690 మిల్లీమీటర్లు. ట్రెడ్ 6 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసార్ధం 1.7 శాతం తగ్గుతుంది. చిన్నదైన చక్రం అదే దూరానికి ఎక్కువ సార్లు తిరుగుతుంది, కారు ఆ తిరుగుళ్లనే లెక్కపెడుతుంది. కాబట్టి పాత టైర్ల చివరి రోజుల్లో డిస్‌ప్లే చూపించిన 22లో 0.4 దాకా అసలు లేనే లేదు. కొత్త టైర్లు వేశాక ఆ కల్పిత మైలేజీ మాయమవుతుంది, అంతే.

మూడోది మాత్రమే ఎంపిక, అంటే ఆ టైరు రబ్బరు మిశ్రమం, నిర్మాణం. కారుతో పాటు వచ్చిన టైరును కార్ల కంపెనీ తన మైలేజీ లక్ష్యానికి తగ్గట్టు ప్రత్యేకంగా చేయించుకుంటుంది. అదే పేరుతో షాపులో దొరికే టైరు అదే మిశ్రమంతో ఉండాలని లేదు. అందుకే "కంపెనీ టైరే కదా" అన్న ధీమా పనికిరాదు.

హైబ్రిడ్‌లో ఇది ఇంకా గట్టిగా కనపడడానికి కారణం ఉంది. మామూలు పెట్రోలు కారులో బ్రేకు వేసిన ప్రతిసారీ శక్తి వేడిగా పోతుంది, ఇంజను ఐడిలింగ్‌లో మరికొంత పోతుంది. హైబ్రిడ్ ఆ రెండింటినీ చాలావరకు అరికడుతుంది. బ్రేకు వేస్తే దాని ఎలక్ట్రిక్ మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. ఇంజనులో వేడిగా పోయేది పక్కన పెడితే, ఇక మిగిలిన నష్టాలు ముఖ్యంగా రెండు: గాలి నిరోధం, టైర్లు. విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఆటోనగర్ దాకా ఆగుతూ సాగుతూ వెళ్లే వేగంలో గాలి నిరోధం లెక్కకు రానంత తక్కువ. టైరులో పోయిన శక్తి మాత్రం ఏ వేగంలోనైనా పోయినట్టే, దాన్ని ఏ మోటారూ వెనక్కి తేలేదు.

అంకెల్లో చూద్దాం. మనుషులతో కలిపి 1,550 కిలోల కారు బరువు సుమారు 15.2 కిలోన్యూటన్లు. రోలింగ్ రెసిస్టెన్స్ గుణకం 9 (ప్రతి కిలోన్యూటను బరువుకు 9 న్యూటన్లు) ఉన్న టైర్లయితే కారును వెనక్కి లాగే బలం 137 న్యూటన్లు. గుణకం 7 అయితే 106. తేడా 31 న్యూటన్లు, 100 కిలోమీటర్లకు 0.84 యూనిట్ల శక్తి. టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (మోటారుతోనే కొంత దూరం నడవగల రకం) బ్యాటరీ మొత్తం సామర్థ్యం 0.76 యూనిట్లు. మంచి టైరుకూ మామూలు టైరుకూ మధ్య తేడా ప్రతి వంద కిలోమీటర్లకూ ఒక పూర్తి బ్యాటరీని మించిపోతోందన్నమాట. ఇంజను ఆగి ఉన్న సమయం తగ్గిపోయిందని, బ్యాటరీ మీద నాలుగు వీధులు కూడా దాటకుండానే ఇంజను అందుకుంటోందని అనిపించడానికి కారణం ఇదే.

ఇంత చెప్పాక "అయితే అన్నింటికన్నా తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ ఉన్నదే కొనేస్తాం" అనకండి. నా సలహా దీనికి పూర్తిగా తలకిందులు. ముందు తడి రోడ్డు మీద పట్టు చూడండి, అందులో నెగ్గిన వాటిలోంచి తేలిగ్గా దొర్లేది తీసుకోండి.

టైరు తయారీలో మూడు గుణాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి: తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్, తడిలో పట్టు, అరుగుదల తక్కువ కావడం. రబ్బరు తక్కువ వేడెక్కేలా చేస్తే తేలిగ్గా దొర్లుతుంది. కానీ రోడ్డు మీది సన్నటి గరుకుకు అతుక్కుని బ్రేకు పడాలంటే రబ్బరు ఆ క్షణంలో శక్తిని పీల్చుకోవాలి. ఈ పేచీని చాలావరకు తీర్చింది సిలికా. రబ్బరులో మామూలుగా కలిపే కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి పొడిలో పెద్ద భాగం తీసేసి, సైలేన్ అనే జోడింపు రసాయనంతో సిలికాను కలిపితే నెమ్మది తిరుగుడులో తక్కువ వేడి, బ్రేకు వేసినప్పుడు మంచి పట్టు రెండూ వస్తాయి. మిషెలిన్ 1992లో ఇలాంటి టైరును మార్కెట్లోకి తెచ్చింది, తర్వాత అందరూ ఆ దారి పట్టారు. సిలికా మిశ్రమం ఖరీదైనది. చవకగా "ఫ్యూయల్ సేవర్" అని అమ్మే కొన్ని టైర్లలో రబ్బరును గట్టిపరిచి, ట్రెడ్ లోతు తగ్గించి పని కానిస్తారు. ఎండలో తేడా తెలియదు. జూన్‌లో మొదటి జల్లు పడి, రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిడ్డుగా మారినప్పుడు తెలుస్తుంది. వారధి దాటి మంగళగిరి వైపు 90లో వెళుతూ ముందు లారీ బ్రేకు లైట్లు చూసినప్పుడు లీటరుకు అర కిలోమీటరు మిగిలిన సంగతి ఎవరికీ గుర్తురాదు.

అంకెలు ఎక్కడ చూడాలి? మన దేశంలో ఏఐఎస్-142 ప్రమాణం కింద రోలింగ్ రెసిస్టెన్స్, తడి పట్టు, శబ్దం మూడింటికీ హద్దులు పెట్టారు. 2022లో నోటిఫికేషన్ వచ్చింది. అది దాటాల్సిన కనీస గడప మాత్రమే, రెండు టైర్లలో ఏది మెరుగో చెప్పదు. ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఇచ్చే నక్షత్రాల లేబుల్ కొన్ని టైర్ల మీద కనిపిస్తుంది. ఫ్రిజ్ మీద ఉన్నట్టే, నక్షత్రాలు ఎక్కువైతే ఇంధనం ఆదా ఎక్కువ. ఉంటే చూడండి, కానీ దాన్నిబట్టే నిర్ణయించకండి. అది వానలో పట్టు గురించి చెప్పే లేబుల్ కాదు.

యూరప్ లేబుల్ మనకు ఇంకా ఉపయోగం. 2021 మే నుంచి అమలైన కొత్త లేబుల్లో కార్ల టైర్లకు ఇంధనం తరగతి ఏ అంటే గుణకం 6.5 లేదా అంతకన్నా తక్కువ, బీ అంటే 6.6–7.7, సీ 7.8–9.0, డీ 9.1–10.5, ఈ 10.6 ఆపైన. తడి పట్టుకు మళ్లీ వేరే ఏ నుంచి ఈ వరకు తరగతులు, పక్కన శబ్దం డెసిబెల్స్‌లో ఉంటుంది. మనం చూస్తున్న మోడల్ యూరప్‌లో కూడా అమ్ముతుంటే కంపెనీ సైటులో మీ సైజు లేబుల్ వెతకండి. సైజు మారితే తరగతి మారుతుంది కాబట్టి పక్క సైజుది చూసి సరిపెట్టుకోవద్దు. ఇక్కడ తయారైన టైరు మిశ్రమం వేరుగా ఉండే అవకాశమూ ఉంది, కాబట్టి దాన్ని సూచనగా తీసుకోండి, హామీగా కాదు. హైబ్రిడ్‌కు నేను చెప్పే లక్ష్యం: తడి పట్టు ఏ లేదా బీ, ఇంధనం బీ. ఇంధనం ఏ, తడి పట్టు సీ అయిన టైరును మన వానలకు వద్దనే అంటాను.

ఈ పరీక్షల గురించి ఒక సంగతి. రోలింగ్ రెసిస్టెన్స్‌ను గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కొలిచి, 25 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేసి చెబుతారు. రబ్బరు వేడెక్కేకొద్దీ తేలిగ్గా దొర్లుతుంది. కాబట్టి మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో ఏ టైరైనా లేబుల్ కన్నా కాస్త మెరుగ్గానే దొర్లుతుంది, మంచి టైరుకూ మామూలుదానికీ తేడా కూడా కొంచెం సన్నగిల్లుతుంది. అసలైన తేడా డిసెంబరు ఉదయాల్లో, వానల్లో, ఐదారు కిలోమీటర్ల చిన్న తిరుగుళ్లలో ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే టైరు వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది.

షాపులో వినిపించే పేర్లు చాలానే: బ్రిడ్జ్‌స్టోన్ ఎకోపియా, యోకోహామా బ్లూఎర్త్, ఎంఆర్ఎఫ్ ఎకోట్రెడ్, మిషెలిన్ ఎనర్జీ, ప్రైమసీ వగైరా. పేరులో ఎకో ఉందని ఆగిపోకండి. ఒకే పేరు కింద ఐదారు రకాలు ఉంటాయి, పేరు చివర వచ్చే అక్షరాలు, అంకెలు కూడా చూడాలి. ఎస్‌యూవీ సైజుల్లో ఇంకో తిరకాసు ఉంది. 215/60 ఆర్17 అడిగితే పెద్ద పెద్ద గడులున్న ఆల్ టెర్రైన్ టైరు కూడా చూపిస్తారు, బాగా దిట్టంగా కనిపిస్తుంది. పొలం గట్ల మీద రోజూ తిరిగేవాళ్లకు సరే. హైబ్రిడ్‌కు అది వేయిస్తే మైలేజీ కోసం పెట్టిన డబ్బంతా అక్కడే పోతుంది. పైగా ఇంజను ఆగి కారు నిశ్శబ్దంగా వెళుతున్నప్పుడు ఆ టైరు మోత నేరుగా చెవిలోకి వస్తుంది.

సైజు మార్చవద్దు. గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు 215/60 ఆర్17, సిటీ హైబ్రిడ్‌కు 185/55 ఆర్16, హైక్రాస్ జెడ్ఎక్స్‌కు 225/50 ఆర్18. "225 వేయించండి సార్, లుక్ అదిరిపోద్ది" అంటే ఒప్పుకోకండి. 225/60 ఆర్17 వేస్తే వ్యాసం 1.7 శాతం పెరుగుతుంది, టైరు బరువు పెరుగుతుంది, ఓడోమీటరు ఈసారి తక్కువ చూపిస్తుంది. సైజు తర్వాత ఉండే అంకె, అక్షరం కూడా కారుతో వచ్చినదానికి తగ్గకూడదు. 96హెచ్ అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోయగలదు, గరిష్ఠ వేగం 210. 95 అయితే 690 కిలోలే. హైబ్రిడ్‌లో బ్యాటరీ, మోటార్ల బరువు అదనం కాబట్టి ఇక్కడ సర్దుబాటు వద్దు. ఎక్స్ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని ఉన్న టైరు మరింత బలమైనది. గుంతలు, తేలిన మ్యాన్‌హోల్ మూతలు ఎక్కువగా ఉన్న వీధుల్లో తిరిగేవాళ్లకు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఉబ్బిపోయే బెడద తగ్గుతుంది. కొన్ని లో రోలింగ్ రెసిస్టెన్స్ టైర్లలో బరువు తగ్గించడానికి సైడ్‌వాల్ పలుచగా చేస్తారు, వాటికి ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం.

ఖరీదు లెక్క ఇలా వేసుకోండి. ఏడాదికి 15,000 కిలోమీటర్లు, లీటరుకు 20 చొప్పున 750 లీటర్లు. రోలింగ్ రెసిస్టెన్స్ 10 శాతం తగ్గితే ఇంధనం 1–2 శాతం తగ్గుతుందని సాధారణ అంచనా, హైబ్రిడ్‌కు అది 2 శాతానికి దగ్గరగా ఉంటుంది. గుణకం 9 నుంచి 7.5కు దిగితే 17 శాతం తక్కువ, సుమారు 3 శాతం ఆదా, అంటే 22 లీటర్లు. పెట్రోలు రూ.110 అనుకుంటే ఏడాదికి రూ.2,400 పైచిలుకు. టైర్లు 45,000 కిలోమీటర్లు నడిస్తే మొత్తం రూ.7,000 పైన. అంటే మంచి టైరుకు ఒక్కోదానికి రూ.1,700–1,800 ఎక్కువ పెట్టినా నష్టం లేదు. అంతకు మించి అడిగితే మైలేజీ కోసం కాదు, పట్టు కోసమో నిశ్శబ్దం కోసమో పెడుతున్నామని తెలిసి పెట్టండి. ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఈ లెక్క అసలు కుదరదు. వాళ్లు తడి పట్టు చూసుకుని, మధ్యరకం ధర టైరు తీసుకుంటే చాలు.

ఆటోనగర్‌లోనైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా డబ్బు ఇచ్చే ముందు సైడ్‌వాల్ మీద నాలుగంకెల తయారీ తేదీ చూడండి. 2625 అంటే 2025లో 26వ వారం. నాలుగు టైర్లకూ దగ్గర దగ్గర తేదీలు ఉండాలి. రేకుల షెడ్డులో రెండు వేసవులు మగ్గిన సరుకు రబ్బరు గట్టిపడి ఉంటుంది, తగ్గింపు ఇచ్చినా వద్దు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, కార్ల టైర్లకు ఆ ప్రమాణం ఐఎస్ 15633. బిల్లు మీద టైరు సీరియల్ నంబర్లు రాయించుకోండి, లేకపోతే రేపు సైడ్‌వాల్ ఉబ్బినప్పుడు వారంటీ అడగడానికి ఆధారం ఉండదు.

నాలుగూ ఒకేసారి మార్చడం మంచిది. రెండే మార్చాల్సి వస్తే కొత్తవి వెనక్కి వేయించండి. ముందుకు వేయమనే అందరూ అంటారు, కానీ తడిలో వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది, స్టీరింగుతో సరిచేయడం కష్టం.

బిగించేటప్పుడు హైబ్రిడ్‌కు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కారును పూర్తిగా ఆపండి, డ్యాష్ మీద "రెడీ" లైటు ఆరిందో లేదో చూసుకోండి. ఇంజను శబ్దం లేదంటే కారు ఆగినట్టు కాదు, ఏసీ కోసమో బ్యాటరీ కోసమో ఇంజను దానంతటదే లేస్తుంది. జాకీ కచ్చితంగా కంపెనీ చూపిన చోటే పెట్టాలి. కింద నారింజ రంగు తొడుగులో హై వోల్టేజీ తీగలు పోతుంటాయి, ఎక్కడ పడితే అక్కడ ఫ్లోర్ జాకీ ఎత్తితే చిన్న ఖర్చుతో పోదు. గాలి ఒత్తిడి చూపే సెన్సర్లు రిమ్ లోపల వాల్వ్‌కు బిగించి ఉన్న కార్లలో, మెషిన్ మీద బీడ్ (రిమ్‌ను పట్టుకుని ఉండే టైరు అంచు) నొక్కేటప్పుడు వాల్వ్ ఉన్న వైపు నుంచి దూరంగా నొక్కమని చెప్పండి. సెన్సరు విరిగేది ఎక్కువగా అక్కడే. పంక్చర్ రాకుండా లోపల జిగురు ద్రవం పోస్తామంటే వద్దనండి. సెన్సరు రంధ్రం మూసుకుపోతుంది, బ్యాలెన్సింగ్ కూడా చెడుతుంది.

ట్రెడ్ రెండువైపులా ఒకేలా లేని టైర్ల మీద "అవుట్‌సైడ్" అని రాసి ఉంటుంది, ఆ పక్క బయటికి కనిపించాలి. హడావుడిలో ఒక్కటి తిరగేసి వేయడం జరుగుతుంటుంది, కాబట్టి నాలుగూ చుట్టూ తిరిగి చూసుకోండి. నట్లు గన్‌తో చివరిదాకా బిగించనివ్వకండి. ముందు చేత్తో, చివర టార్క్ రెంచితో బిగించాలి. చాలా కార్లకు 100–110 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, మీ కారుది మాన్యువల్‌లో చూసి చెప్పండి. అతిగా బిగిస్తే స్టడ్ సాగుతుంది, రోడ్డు మీద స్టెప్నీ మార్చాల్సి వచ్చినప్పుడు నట్టు ఊడిరాదు.

అలైన్‌మెంట్ చేయించకుండా బయటికి రాకండి. ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కొంచెం తేడాగా ఉన్నా టైరు దొర్లడంతో పాటు పక్కకు గీసుకుంటూ వెళుతుంది. మంచి టైరు వల్ల వచ్చిన ఆదా అక్కడికక్కడే పోతుంది, లోపలి అంచు ముందే అరిగిపోతుంది. రిపోర్టు ప్రింట్ అడిగి తీసుకోండి.

గాలి సంగతికి వస్తే, పైసా ఖర్చు లేని ఆదా ఇదే. ప్రెషర్ సగటున ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం దాకా తగ్గుతుంది. ఆరు పీఎస్ఐ తక్కువతో తిరిగితే ఒక శాతం పైగా పోయింది, టైరు అంచులూ పోయాయి. డ్రైవరు డోరు పక్కన స్తంభం మీది స్టిక్కర్‌లో ఉన్న అంకె చల్లటి టైరుకు, అంటే రాత్రంతా ఆగి ఉన్న కారుకు. ఉష్ణోగ్రత 5–6 డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం గుంటూరు నుంచి వచ్చి బంకులో చూపిస్తే 33 ఉండాల్సింది 38 చూపించవచ్చు. కుర్రాడు వెంటనే గాలి తీసేస్తాడు. మర్నాడు పొద్దున అది 28 అయి కూర్చుంటుంది. వేడి టైరులో గాలి ఎప్పుడూ తీయించకండి. ఎండాకాలం టైర్లు పేలేది ఎక్కువ గాలి వల్ల అనుకుంటారు, నిజానికి గాలి తక్కువై, సైడ్‌వాల్ నలిగి, లోపల వేడి పేరుకోవడం వల్లే ఎక్కువ. ఇంట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ గేజ్, కారు సాకెట్‌కు తగిలించే పంపు కొనుక్కుంటే పదిహేను రోజులకోసారి పొద్దున్నే ఐదు నిమిషాల పని.

మైలేజీ కోసం 38, 40 పెట్టించేవాళ్లూ ఉన్నారు. స్టిక్కర్ మీద ఉన్నదానికంటే ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువైతే ఇబ్బంది లేదు. అంతకు మించితే టైరు మధ్యభాగమే నేలను తాకుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు దూరం పెరుగుతుంది, మధ్యలో అరిగిపోతుంది. ఐదుగురు మనుషులు, నిండా సామానుతో తిరుపతికో అరకుకో వెళుతుంటే మాత్రం స్టిక్కర్ మీద పూర్తి లోడుకు వేరే అంకె ఇచ్చారేమో చూసి పెట్టండి. నైట్రోజన్ గురించి అడిగితే: గాలిలో 78 శాతం అదే. నింపిన ప్రెషర్ కాస్త నెమ్మదిగా తగ్గుతుంది, తేమ ఉండదు, అంతవరకే లాభం. రోలింగ్ రెసిస్టెన్స్‌కు దానితో సంబంధం లేదు.

కొత్త టైర్లతో మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, ముఖ్యంగా వానలో, గట్టి బ్రేకులు, వేగపు మలుపులు వద్దు. అచ్చులోంచి తేలిగ్గా రావడానికి పూసిన పదార్థం పైపొర మీద ఉంటుంది, అది పోయాకే అసలు పట్టు వస్తుంది. మైలేజీ కూడా వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు దాటాకే కుదురుకుంటుంది. ఆలోపు డిస్‌ప్లే చూసి తీర్పు చెప్పకండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటో కట్ అయ్యేవరకు మాత్రమే నింపించి, వరసగా మూడు ట్యాంకుల లెక్క తీయండి. పాత టైర్ల మైలేజీతో పోల్చేటప్పుడు పాతదానిలోంచి ముందు చెప్పిన 1.7 శాతం తీసేసి పోల్చండి. ఇంత చేశాక కూడా తేడా ఐదు శాతం మించి ఉంటే టైరును అనుమానించే ముందు ప్రెషరు, అలైన్‌మెంట్ రిపోర్టు, బ్రేకు ప్యాడ్లు పట్టేస్తున్నాయేమో చూడండి. 20 కిలోమీటర్లు నడిపి ఆపి, చెయ్యి తగిలించకుండా ఒక్కో రిమ్ దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తే, మిగతావాటికన్నా వేడిగా ఉన్న చక్రం ఇట్టే దొరికిపోతుంది. మోటారు తిప్పేది ముందు చక్రాలను కాబట్టి అవే త్వరగా అరుగుతాయి, 8,000–10,000 కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించండి. టైరులో గీతల మధ్య ఉండే అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర బయటపడుతుంది. వానాకాలం ముందు ట్రెడ్ 3 మిల్లీమీటర్లకు దిగి ఉంటే ఆ గుర్తు తేలేదాకా ఆగకుండా మేలోనే కొత్తవి వేయించండి.